జీడిపప్పు యూనిట్ పెడుతున్నాం: సొంత పేరా, భాగస్వామ్యమా, ఎల్‌ఎల్‌పీనా (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), కంపెనీనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, ఒడిశా)

అందరికీ నమస్కారం. నాన్నగారి రోజుల నుంచి మాది జీడిపిక్కల బేరం. సీజన్‌లో గుమ్మ, ఉదయగిరి వైపు రైతుల దగ్గర పిక్క కొని పలాస యూనిట్లకు ఇస్తాం. బస్తా మీద మిగిలేది కూలి డబ్బుల కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఈ ఏడాది పప్పు మనమే తీద్దామని ఆలోచన. ఒక బాయిలర్, కటింగ్ మిషన్లు, ఒక డ్రయ్యరు, పొట్టు తీయడానికి పది మంది ఆడవాళ్ళు. రోజుకు నాలుగు బస్తాలు ఆడితే చాలు.

డబ్బు నాది 12 లక్షలు, ఆంధ్రా వైపు పాతపట్నంలో ఉన్న మా బావమరిదిది 8 లక్షలు. మూడో మనిషి నా స్నేహితుడు. పలాసలో తొమ్మిదేళ్ళు పని చేశాడు, పిక్క చేత్తో పట్టుకుంటే పప్పు ఎంత వస్తుందో చెప్పేస్తాడు. అతని దగ్గర డబ్బు లేదు, పనంతా అతనిదే.

విశాఖలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే ప్రైవేట్ లిమిటెడ్ పెట్టమన్నారు. 24 వేలు ప్యాకేజీ, విజిటింగ్ కార్డులు ఫ్రీ. కార్డు మీద డైరెక్టర్ అని ఉంటే బ్యాంకులో మర్యాదే వేరట. మా ఊళ్ళో పత్రాలు రాసేవాడేమో స్టాంపు కాగితం మీద భాగస్వామ్యం రాసేస్తాను, రేపే రండి అంటున్నాడు. పప్పు సగం ఒడిశాలో, సగం పాతపట్నం, టెక్కలి వైపు అమ్ముతాం. ఏది మంచిది?

పలాస బట్టీ (పలాస)

నాలుగు బస్తాలంటే 320 కిలోల పిక్క. పప్పు 80 కిలోలు అటూ ఇటూ. పిక్క పచ్చిగా ఉంటే ఇంకా తక్కువ. కంపెనీ సంగతి నాకు తెలీదు గానీ ముందు ఆరబెట్టుకునే కళ్ళం చూసుకోండి. అది లేక మూతపడిన యూనిట్లు నాకు తెలుసు.

పాతలెక్కల మాస్టారు (బరంపురం)

ముప్పై ఏళ్ళు ఆడిటర్ల దగ్గర లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు బాబూ.

"ఏది మంచిది" అన్న ప్రశ్న పక్కన పెట్టు. యూనిట్ మునిగిన రోజున అప్పులవాళ్ళు ఎవరి గుమ్మం ఎక్కుతారు? ముందు దానికి జవాబు రాసుకో. సొంత పేరు మీద అయితే నీ గుమ్మం ఒక్కటే. భాగస్వామ్యం అయితే ముగ్గురిదీ. అలాగని మూడు సమాన భాగాలు చేసుకుని రారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పు మొత్తానికి ప్రతి భాగస్తుడూ విడివిడిగా కూడా బాధ్యుడే. నీ స్నేహితుడి దగ్గర డబ్బు లేదంటున్నావు కాబట్టి అతని వాటా అప్పు కూడా ఆస్తి ఉన్నవాడి దగ్గరే వసూలు చేస్తారు. అంటే నువ్వూ, మీ బావమరిదీ.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. పత్రంలో వాటాలు రాసుకోకపోతే, ఎవరు ఎంత పెట్టారన్నదానితో పని లేకుండా చట్టం లాభమూ నష్టమూ అందరికీ సమానం అంటుంది. నీ 12 లక్షలకూ, స్నేహితుడి సున్నాకూ ఒకటే వాటా.

ఎల్‌ఎల్‌పీ, కంపెనీ ఈ భయం కోసమే పుట్టాయి. ఎల్‌ఎల్‌పీ చట్టం 2008లో వచ్చింది. సంస్థ అప్పు సంస్థది, నువ్వు పెట్టిన డబ్బు వరకే పోతుంది. కానీ బ్యాంకు దగ్గర ఈ గోడ ఎక్కువసేపు నిలబడదు. చిన్న సంస్థకు అప్పు ఇచ్చేటప్పుడు డైరెక్టర్లందరి చేతా, భాగస్తులందరి చేతా సొంత హామీ సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకం పడ్డాక బ్యాంకు వరకూ నీ ఇల్లు మళ్ళీ లెక్కలోకి వచ్చేసినట్టే. ఆ గోడ పనికొచ్చేది పిక్కలు అరువిచ్చిన షావుకారు, గోనెసంచులవాడు, లారీవాడు లాంటి వాళ్ళ నుంచి. మీకు అరువు బేరం ఎంత ఉంటుంది?

జీఎస్టీ సంగతి వేరే. దానికీ ఈ ఎంపికకూ సంబంధం లేదు, కానీ సరిహద్దులో ఉన్నావు కాబట్టి విడిగా చెప్పాలి. ఇప్పుడు పలాసకు పిక్క వేస్తున్నావు కదా, నంబరు ఉందా?

మహేంద్రతనయ

నిజం చెప్పాలంటే లేదు మాస్టారూ. వాళ్ళే బండి పంపించి మా గుమ్మంలో ఎత్తుకుంటారు. ఇక్కడే అమ్మినట్టే కదా అని మా ధీమా. అరువంటే, రైతులకు రొక్కం ఇవ్వాల్సిందే. బయట షావుకార్ల దగ్గర మాత్రం సీజన్‌లో అయిదారు లక్షల అరువు ఉంటుంది.

పాతలెక్కల మాస్టారు

బండి ఎవరిదన్నది కాదు, సరుకు ప్రయాణం ఎక్కడ ఆగింది అన్నది చూస్తారు. పలాసలో ఆగితే అది రాష్ట్రం దాటిన అమ్మకమే. సరుకు రాష్ట్రం దాటించి అమ్మే వ్యాపారికి మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 40 లక్షల వరకూ మినహాయింపు అన్నది రాష్ట్రం లోపల అమ్మేవాళ్ళకే. రైతు తన పంట తాను అమ్ముకుంటే వేరే మాట. నువ్వు రైతువి కాదు, వ్యాపారివి. ముందు అది సరిచేసుకో.

కాంపోజిషన్ (చిన్న వ్యాపారులు అమ్మకం మీద ఇంత శాతమని కట్టేసే పద్ధతి) పెట్టుకుందామని ఎవరైనా సలహా ఇస్తారు, వినకు. కాంపోజిషన్‌లో ఉన్నవాడు రాష్ట్రం బయటకు సరుకు అమ్మకూడదు, అంటే టెక్కలి బేరం పోతుంది. పైగా జీడిపిక్కకు ఒక మెలిక ఉంది. నంబరు ఉన్నవాడు రైతు దగ్గర పిక్క కొంటే 5 శాతం పన్ను కొన్నవాడే రివర్స్ ఛార్జ్ కింద కట్టాలి. మామూలు రిజిస్ట్రేషన్ అయితే అది క్రెడిట్‌గా (అమ్మకం మీద కట్టే పన్నులో తగ్గింపుగా) వెనక్కి వస్తుంది. కాంపోజిషన్ అయితే రాదు.

గుణుపూర్ పసుపుకొమ్ము (గుణుపూర్)

మాస్టారు చెప్పిన "విడివిడిగా కూడా బాధ్యుడే" అన్న మాటకు నేనే సాక్ష్యం.

పసుపు, చింతపండు బేరం, ముగ్గురం కలిసి. పత్రం రాసుకున్నాం గానీ రిజిస్టర్ చెయ్యలేదు. ఫీజుకు వెనకాడి కాదు, "మన మధ్య కాగితాలేంటి" అని. పైగా ఆ పత్రం ఒడియాలో ఉంది. నేను ఆంధ్రాలో చదువుకున్నవాణ్ణి, నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకం పెట్టాను.

రెండో ఏడు మా మూడో భాగస్తుడు పార్వతీపురంలో సంస్థ పేరు మీద సరుకు అరువుకు ఎత్తి, విడిగా అమ్ముకుని, కనిపించకుండా పోయాడు. నాకు మాట మాత్రం తెలీదు. షావుకార్లు నేరుగా నా దగ్గరకు వచ్చారు, ఎందుకంటే మెయిన్ రోడ్డులో షాపు గది నాది. "మీ ఫర్మ్ సీలే కదండీ" అన్నారు. అవును, సీలు మాదే. మా ఆవిడ గాజులు అమ్మి కట్టాను.

రెండో దెబ్బ ఇంకా వింత. మాకు రావాల్సిన 3 లక్షల 40 వేలు ఒక హోల్‌సేలరు ఎగ్గొట్టాడు. లాయరు దగ్గరకు వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఫర్మ్ రిజిస్టర్ అయిందా అని. రిజిస్టర్ కాని ఫర్మ్ బయటివాళ్ళ మీద బాకీ దావా వెయ్యలేదట. మన మీద మాత్రం ఎవరైనా వెయ్యొచ్చు. తర్వాత రిజిస్టర్ చేసుకుని కొత్తగా వెయ్యొచ్చు అన్నారు, కానీ మేం తిరిగి తిరిగి తెలుసుకునేసరికి మూడేళ్ళ గడువు దాటిపోయింది.

కాబట్టి "రేపే రండి" అన్న ఆ పత్రాలాయన దగ్గరకు ఎల్లుండి కూడా వెళ్ళకండి.

పాతలెక్కల మాస్టారు

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడికి దగ్గర్లో ఉంటూ, తెలియని లిపిలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టావా నాయనా! పత్రం ఏ భాషలో ఉన్నా సరే, తెలుగులో ఒక నకలు రాయించుకుని ముగ్గురూ చదివాకే అసలు దాని మీద సంతకం పెట్టాలి.

రాయగడ రైలుబండి (రాయగడ)

అందరూ భాగస్వామ్యాన్ని తిడుతున్నారు కాబట్టి రెండో వైపు నుంచి నా గోల. 26 ఏళ్ళ వయసులో స్నేహితుడితో ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాను. టూర్లు, కార్లు బుకింగ్. ఆ "ప్యాకేజీ"లో కంపెనీ పుట్టించడం వరకే ఉంటుంది, పెంచడం ఉండదు. అమ్మకం రూపాయి లేకపోయినా ఏటా ఆడిటర్ సంతకం పడాల్సిందే. లెక్కల ఫారం ఒకటి, వార్షిక రిటర్న్ ఒకటి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, నెలకు కాదు, రోజుకు.

మా బండి ఏడాదిన్నరకే ఆగింది. ఆపేశాం కదా ఇంకేం ఫారాలు అనుకుని వదిలేశాం. వరసగా మూడేళ్ళు వెయ్యకపోతే డైరెక్టర్లకు అయిదేళ్ళు అనర్హత. నేను ఈలోపు మా మామయ్యగారి కంపెనీలో డైరెక్టర్‌గా చేరుదామని వెళ్తే అక్కడ బయటపడింది. కంపెనీని మూసేయడానికి ఫారం ఫీజే 10 వేలు, అది కూడా పాత ఫారాలన్నీ ఆలస్య రుసుముతో వేశాక. మొత్తం ఎంత అయిందో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

కార్డు మీద డైరెక్టర్ అని చూసి నాకు మర్యాద ఇచ్చిన ఒకే ఒక్క మనిషి కార్డులు ప్రింట్ చేసినవాడు.

జయపురం కుర్రాడు (జయపురం)

స్టార్టప్ ఇండియాలో రిజిస్టర్ చేస్తే మూడేళ్ళు పన్ను ఉండదు కదా? అందుకైనా కంపెనీ పెట్టాలి కదా అన్నా?

పాతలెక్కల మాస్టారు

ఆ గుర్తింపు సొంత పేరు వ్యాపారానికి రాదు. కంపెనీకి, ఎల్‌ఎల్‌పీకి, రిజిస్టర్డ్ భాగస్వామ్యానికి వస్తుంది. పన్ను మినహాయింపు మాత్రం కంపెనీకి, ఎల్‌ఎల్‌పీకే, అదీ వేరే పరిశీలనలో గట్టెక్కితేనే. కొత్త ఆవిష్కరణ ఏదైనా ఉండాలి. పిక్క ఉడకబెట్టి చీల్చడం మన తాతలు చేసిందే కదా.

బరంపురం అప్పడాలు (బరంపురం)

నేను సొంత పేరు మీద నడుపుతున్నాను, ఆరేళ్ళయింది. నాకు హాయిగా ఉంది. సొంత పేరు వ్యాపారానికి "రిజిస్ట్రేషన్" అంటూ విడిగా ఒకటి ఉండదు. నా పాన్ కార్డే దానిది. ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమల నమోదు), ఆహార లైసెన్సు, కరెంట్ అకౌంట్, జీఎస్టీ, అన్నీ కలిపి అదే గుర్తింపు. ఉద్యమ్ ప్రభుత్వ సైట్‌లో పూర్తిగా ఉచితం. నేను తెలియక ఏదో ప్రైవేటు సైట్‌లో 2,500 కట్టాను, చూడ్డానికి అచ్చం సర్కారు సైట్ లాగే ఉంది. మీరు కట్టకండి.

కానీ ఒక మాట. అప్పడాల కన్నా ముందు నా పేరు మీద ఇంకో వ్యాపారం ఉండేది, మావారిది. ప్రధానమంత్రి ఉపాధి పథకంలో పల్లెల్లో జనరల్ కేటగిరీ మగవాళ్ళకు 25 శాతం సబ్సిడీ అయితే ఆడవాళ్ళకు 35 శాతం. ఆ పది శాతం కోసం కాగితాలన్నీ నా పేరున. పేరు నాది, సంతకం నాది, తాళంచెవి ఆయనది. రోజు అమ్మకం ఎంతో కూడా నాకు చెప్పేవారు కాదు. యూనిట్ ఆగింది. బ్యాంకు నోటీసు మాత్రం నా పేరుకే వచ్చింది, చదువుకున్న అమ్మాయిని కాబట్టి చదవగలిగాను. నా నగలు పెట్టి తీర్చాం.

మహేంద్రతనయ గారూ, మీ ఆవిడ పేరు మీద పెడదామని ఎవరైనా అన్నారా ఇప్పటికే?

మహేంద్రతనయ

అన్నారండీ. నిన్ననే.

బరంపురం అప్పడాలు

ఆవిడ నిజంగా నడిపేట్టయితే పెట్టండి. లేకపోతే వద్దు.

ధర్మాబాద్ కారం (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

మేం మహారాష్ట్ర అంచున ఉన్నాం, సరిహద్దు దాటితే బాసర. మిర్చి, కారప్పొడి వ్యాపారం. మీ మాట ఇక్కడికీ సరిపోతుంది, మేమూ సగం సరుకు నిజామాబాద్ పంపుతాం.

నేనూ మా అన్నా ఇద్దరం భాగస్తులం. రిజిస్టర్డ్ ఫర్మ్, గుమాస్తా లైసెన్సు (షాపు నమోదు), అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఎవరితోనూ తగాదా లేదు. రెండేళ్ళ క్రితం అన్న హఠాత్తుగా పోయాడు. పదకొండో రోజు కార్యం కూడా కాకముందే బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా ఆపేసింది. ఎందుకయ్యా అంటే, ఇద్దరే ఉన్న ఫర్మ్‌లో ఒకరు పోతే మిగిలింది ఒక్కడు, ఒక్కడితో భాగస్వామ్యం ఉండదు, ఫర్మ్ రద్దయినట్టే అన్నారు. పత్రంలో "ఒకరు మరణించినా వ్యాపారం కొనసాగును" అని రాసి ఉంది. రాసినా ఇద్దరున్న చోట అది నిలవదట. ముగ్గురుంటే నిలుస్తుంది.

గోడౌన్‌లో 300 బస్తాల మిర్చి, సీజన్ నడిబొడ్డున, చెక్కు రాసే దారి లేదు. నా పేరు మీద కొత్త జీఎస్టీ తీసుకుని, పాతదాని క్రెడిట్ మార్చుకుని, వదిన సంతకాలతో... ఆ నాలుగు నెలలు ఇంకెవరికీ రాకూడదు. పాపం ఆవిడ అప్పటికి పెట్టిన సంతకం ఒక్కటే, పెళ్ళి రిజిస్టర్‌లో.

ఎల్‌ఎల్‌పీ అయి ఉంటే సంస్థ బతికే ఉండేది, రెండో భాగస్తురాలిగా వదినని చేర్చుకోవడానికి ఆరు నెలల టైం ఉండేది అని మా ఆడిటర్ అన్నాడు. ఆ మాట ముందే అనొచ్చు కదా.

పాతలెక్కల మాస్టారు

మీ అన్నగారి సంగతి విని మనసు కలుక్కుమంది. అందుకే భాగస్వామ్యం పెడితే ముగ్గురుండటం మేలు అంటాను.

సరే, పన్ను లెక్క వేద్దాం. కొత్త ఆదాయపు పన్ను చట్టం ఏప్రిల్ 1, 2026 నుంచి అమలు కాబట్టి సెక్షన్ నంబర్లు చెప్పను, పాత చట్టంలోవి వేరు, కొత్తదానిలోవి వేరు. రోజుకు 80 కిలోల పప్పు, కిలో 700 వేసుకున్నా 56 వేలు. ఏడాదిలో 200 రోజులు ఆడితే కోటీ 12 లక్షల టర్నోవర్. ఖర్చులు పోను 10 లక్షలు మిగిలాయనుకో. మిగలవు, మొదటి ఏడు సగం కూడా మిగలవు, ఊరికే లెక్క కోసం.

సొంత పేరు మీద అయితే కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకూ రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. టర్నోవర్ 2 కోట్ల లోపు కాబట్టి 8 శాతం అంచనా లాభం చూపించి లెక్కల పుస్తకాల బాధ కూడా తప్పించుకోవచ్చు.

భాగస్వామ్యం, ఎల్‌ఎల్‌పీ రెండింటికీ పన్ను 30 శాతం, పైన 4 శాతం సెస్సు. మొదటి రూపాయి నుంచి, శ్లాబులు లేవు. భయపడకు, ముందు భాగస్తుల పెట్టుబడి మీద 12 శాతం వడ్డీ తీసెయ్యొచ్చు. 20 లక్షల మీద 2 లక్షల 40 వేలు. మిగిలిన 7 లక్షల 60 వేలల్లో పనిచేసే భాగస్తులకు జీతం: మొదటి 6 లక్షల్లో 90 శాతం, అంటే 5 లక్షల 40 వేలు, పైన ఉన్న లక్షా 60 వేలల్లో 60 శాతం, అంటే 96 వేలు. ఇవన్నీ పోగా సంస్థ చేతిలో మిగిలేది లక్షా 24 వేలు. పన్ను, సెస్సు కలిపి 38,688 రూపాయలు. జీతం, వడ్డీ మీ చేతికి వచ్చి మీ మీ ఆదాయంలో కలుస్తాయి, 12 లక్షలు దాటవు కాబట్టి అక్కడా పన్ను లేదు. జీతం, వడ్డీ పత్రంలో రాసి ఉండాలి సుమా. రాయకపోతే ఒప్పుకోరు. ఏప్రిల్ 2025 నుంచి భాగస్తులకు ఏడాదికి 20 వేలు దాటి ఇచ్చేదాని మీద 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కూడా కొయ్యాలి, తర్వాత రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. భాగస్వామ్య సంస్థ కూడా ఆ 8 శాతం దారి పట్టొచ్చు, ఎల్‌ఎల్‌పీకి ఆ దారి లేదు. కానీ ఆ దారి పడితే భాగస్తుల జీతం, వడ్డీ విడిగా తీసెయ్యడానికి లేదు. కోటీ 12 లక్షల మీద 8 శాతం, 8 లక్షల 96 వేలు. దాని మీద నేరుగా 30 శాతం. సెస్సుతో కలిపి సుమారు 2 లక్షల 80 వేలు! 38 వేలతో పోయేదానికి 2 లక్షల 80 వేలు కట్టిన మహానుభావుడు మా ఆఫీసుకే వచ్చాడు.

పుస్తకాలు రాస్తే మరి ఆడిట్. రొక్కం లావాదేవీలు 5 శాతం దాటితే కోటి టర్నోవర్‌కే ఆడిట్ పడుతుంది, పిక్క బేరం అంతా రొక్కమే కదా. ఎల్‌ఎల్‌పీకి అయితే 40 లక్షల టర్నోవర్ దాటగానే ఆ చట్టం కిందా ఆడిట్ ఉంది. ఏటా మే 30కి ఒక ఫారం, అక్టోబరు 30కి ఇంకోటి.

రొక్కం అన్నాను కాబట్టి: ఒకే మనిషికి ఒకే రోజు 10 వేలు దాటి రొక్కం ఇస్తే ఆ ఖర్చు ఒప్పుకోరు. పంట పండించిన రైతుకే నేరుగా ఇస్తే మినహాయింపు ఉంది. మధ్య దళారీకి లేదు. నువ్వు గుమ్మలో కొనేది రైతు దగ్గరా, దళారీ దగ్గరా?

మహేంద్రతనయ

సగం సగం. తల తిరుగుతోంది మాస్టారూ. పొట్టు తీసే పని పాతపట్నంలో మా అత్తగారి వీధి ఆడవాళ్ళ ఇళ్ళకు పంపిద్దాం అనుకున్నాం, ఆటోలో. దానికి కూడా ఏమైనా ఉందా?

పాతలెక్కల మాస్టారు

ఉంది. జాబ్ వర్క్ (మన సరుకు మీద బయటివాళ్ళ చేత పని చేయించుకోవడం) కోసం రాష్ట్రం దాటించి పంపితే సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే పత్రం) ఉండాలి, 50 వేల మినహాయింపు అక్కడ పనిచేయదు. ఆ ఆడవాళ్ళు మాత్రం నంబరు తీసుకోనక్కర్లేదు. పాతపట్నంలో నీకే గోడౌన్ ఉంటే ఆంధ్రాలో వేరే జీఎస్టీ నంబరు కావాలి. ఒకే పాన్ అయినా రెండు రాష్ట్రాల్లో రెండు మనుషులుగా చూస్తారు.

బరంపురం అప్పడాలు

ఆటోలో పప్పు, పక్కన ఈ-వే బిల్లు. మన సరిహద్దు బతుకులు!

పాతపట్నం 8 లక్షలు (పాతపట్నం)

నమస్తే అండీ. ఆ బావమరిదిని నేనే. నిన్న రాత్రి మా బావ ఫోన్ మా ఇంట్లో మర్చిపోయాడు, ఇదంతా చదివాను. బావా, కోప్పడకు.

పోయిన ఆదివారం పత్రం గురించి కూర్చున్నప్పుడు "విడిపోతే ఎవరికి ఎంత" అన్న చోట నేను లేచి వెళ్ళిపోయాను. ఇంకా బాయిలర్ కొనలేదు, అప్పుడే విడిపోవడం ఏమిటని కోపం వచ్చింది. గుణుపూర్ ఆయన రాసింది చదివాక ఆ కోపం పోయింది, భయం వచ్చింది. మాస్టారిని రెండు అడుగుతాను. మా ఇల్లు నాన్న పేరు మీద ఉంది. నేను భాగస్తుణ్ణయితే ఆ ఇంటికి ఏమైనా అవుతుందా? రెండోది, నేను అసలు భాగస్తుణ్ణి కావాలని ఎప్పుడూ అడగలేదు. బావే "నువ్వు కూడా ఓనర్‌వే" అన్నాడు. ఆ 8 లక్షలు అప్పుగా ఇస్తే కుదరదా?

పాతలెక్కల మాస్టారు

మొదటిదానికి జవాబు సులువు. నాన్నగారు భాగస్తులు కాదు, హామీదారు కాదు కాబట్టి, అది ఆయన స్వార్జితమైతే ఆ ఇంటిని సంస్థ అప్పులవాళ్ళు ముట్టుకోలేరు. బ్యాంకువాళ్ళు "నాన్నగారిని కూడా ఒకసారి తీసుకురండి, ఊరికే ఒక సంతకం" అన్న రోజున మాత్రం ఆయన్ని ఇంట్లోనే ఉంచు.

రెండోది నువ్వు అడిగావు, నేను అడిగి ఉండాల్సింది. పేజీలు నింపాను గానీ ఆ మాట తట్టలేదు. కుదురుతుంది. డబ్బు అప్పు ఇచ్చినవాడికి లాభంలో కొంత ముట్టినంత మాత్రాన వాడు భాగస్తుడు అయిపోడని భాగస్వామ్య చట్టమే చెబుతోంది. పని చేసేవాడికి జీతంతో పాటు లాభంలో వాటా ఇచ్చినా అంతే. అంటే వ్యాపారం మీ బావ సొంత పేరు మీద, నీ 8 లక్షలు వడ్డీకి అప్పు, స్నేహితుడికి జీతం, పైన లాభంలో ఇంత అని ఒప్పందం. ఇలా అయితే మునిగినా నీకు పోయేది ఆ 8 లక్షలే, నీ వెనక ఇంకేమీ రాదు. బ్యాంకు ద్వారా ఇవ్వు, 20 వేలు, ఆపైన అప్పు రొక్కంగా పుచ్చుకోకూడదు. నడిపే తీరు మాత్రం కాగితానికి తగ్గట్టు ఉండాలి. నువ్వు రోజూ గల్లాలో కూర్చుని, చెక్కుల మీద సంతకాలు పెడుతూ "నేను అప్పిచ్చినవాణ్ణే" అంటే కోర్టు నమ్మదు.

నష్టం కూడా చెప్పాలి. పెత్తనం ఉండదు. మీ బావ రేపు యూనిట్ అమ్మేసినా నిన్ను అడగక్కర్లేదు. భారమంతా ఆయన ఒక్కడి నెత్తిన, అంటే మీ అక్క నెత్తిన కూడా.

గుణుపూర్ పసుపుకొమ్ము

ఇది నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

రాయగడ రైలుబండి

తర్వాత పెద్దదైతే? సొంత పేరు నుంచి ఎల్‌ఎల్‌పీకి మారొచ్చా?

పాతలెక్కల మాస్టారు

భాగస్వామ్యాన్ని ఎల్‌ఎల్‌పీగా మార్చే ఫారం చట్టంలోనే ఉంది, ఉన్న భాగస్తులందరూ అలాగే రావాలి. సొంత పేరుకు అలాంటి ఫారం లేదు. కొత్త ఎల్‌ఎల్‌పీ పెట్టి వ్యాపారాన్ని దానికి అప్పగించాలి. లైసెన్సులు మళ్ళీ తీసుకోవాలి. పని ఎక్కువే, కానీ రెండేళ్ళు నడిచిన వ్యాపారానికి ఆ పని చెయ్యడంలో బాధ లేదు.

మహేంద్రతనయ

నాలుగు రోజులు ఇటు రాలేదు, క్షమించాలి. బావమరిది ఇక్కడ రాశాడని మీరు చెప్పకముందే మా ఆవిడ చెప్పింది. ఎవరు చెప్పారో అడగకండి.

ముగ్గురం మళ్ళీ కూర్చున్నాం, ఈసారి మా ఆవిడ కూడా. ఈ సీజన్‌కు సొంత పేరే. జీఎస్టీకి దరఖాస్తు పెట్టాను, మామూలు రిజిస్ట్రేషనే. బావమరిది 8 కాదు, 5 లక్షలు అప్పుగా ఇస్తానన్నాడు, మిగిలిన మూడు యూనిట్ ఆడాక చూస్తాడట. నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది, కాదనను. స్నేహితుడికి నెలకు 18 వేలు, లాభంలో పదిహేను శాతం. కాగితం తెలుగులో రాసుకున్నాం. మా ఆవిడ చదివి, "ఈ పదిహేను శాతం ఖర్చులకు ముందా, తర్వాతా?" అని అడిగింది. ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. ఆ లైను తిరగరాశాం. వచ్చే ఏడు నిలబడితే, బావమరిది ఇష్టపడితే ఎల్‌ఎల్‌పీ.

కన్సల్టెన్సీవాళ్ళు ఇంకా ఫోన్ చేస్తున్నారు, ప్యాకేజీ ఇప్పుడు 19 వేలట.

పలాస బట్టీ

అన్నీ బాగున్నాయి గానీ, కళ్ళం సంగతి చెప్పలేదు.

మహేంద్రతనయ

మా మేడ మీదే ఆరబోద్దాం అనుకుంటున్నాం అన్నా.

పలాస బట్టీ

నాలుగు బస్తాలకు సరిపోదు. కొలత ఎంతో రాయండి, చెప్తాను.